టవర్ భయం, జనరేటర్ పొగ: ఏ ముప్పును ఎంత నమ్మాలి?

బెంగళూరులో కె.ఆర్.పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో అప్పుడప్పుడూ ఒక మీటింగ్ వేడెక్కుతుంది. పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ పెడుతున్నారన్నది విషయం. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు రాస్తారు: "మన కాంప్లెక్స్‌లోనే ఐదేళ్ళలో ముగ్గురికి క్యాన్సర్ వచ్చింది. ఇంకేం రుజువు కావాలండీ?" ఆ ముగ్గురిలో ఒకరు రోజూ లిఫ్టులో పలకరించే అత్తయ్యగారే అయి ఉంటారు. అది చదివాక ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. ఆ భయాన్ని తీసిపారేయడం తప్పు. దాన్ని రుజువు అనుకోవడం కూడా తప్పే.

ఒక చిన్న లెక్క వేద్దాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే క్యాన్సర్ రిజిస్ట్రీ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్ కేసులు సుమారు 14.6 లక్షలు. అంటే ఏడాదికి లక్ష మందిలో దాదాపు వంద మందికి. రెండు వందల ఫ్లాట్ల కాంప్లెక్స్‌లో ఏడు వందల మంది ఉంటారనుకుంటే, ఐదేళ్ళలో మూడు నాలుగు కేసులు మామూలుగానే వస్తాయి. టవర్ ఉన్నా వస్తాయి, లేకపోయినా వస్తాయి. పిల్లల దగ్గర ఉండడానికి ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఎక్కువగా ఉంటే ఆ సంఖ్య ఇంకొంచెం పెరుగుతుంది, ఎందుకంటే క్యాన్సర్ చాలావరకు వయసుతో వచ్చే జబ్బు. మన దేశంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని అదే రిజిస్ట్రీ చెబుతోంది. ఇంత మామూలు జబ్బుని ఏ వీధిలో వెతికినా కనపడుతుంది. టవర్ లేని వీధిలో ఎవరూ వెతకరు, అంతే తేడా.

మరి ముగ్గురికి రావడం ఎప్పుడు అనుమానించాల్సిన విషయం అవుతుంది? ముగ్గురిదీ ఒకే రకం అరుదైన క్యాన్సర్ అయితే. లేదా చిన్న వయసువాళ్ళకి వస్తే. లేదా టవర్ దగ్గరున్న చాలా కాంప్లెక్సుల్నీ, దూరంగా ఉన్నవాటినీ ముందే ఎంచుకుని, ఒకే పద్ధతిలో లెక్కపెడితే దగ్గరున్నచోట కచ్చితంగా ఎక్కువ కనపడితే. ఒకరికి రొమ్ము క్యాన్సర్, ఒకరికి నోటి క్యాన్సర్, ఇంకొకరికి పెద్దపేగు క్యాన్సర్ అయినప్పుడు ఒకే కారణం ఉందనుకోవడానికి ఆధారం చాలా పలచన.

గ్రూపులో ఈ లెక్క పెడితే వెంటనే వచ్చే జవాబు: "డబ్ల్యూహెచ్‌ఓనే క్యాన్సర్ జాబితాలో పెట్టింది కదా!" పెట్టిన మాట నిజమే. డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో సెల్‌ఫోన్ తరంగాల్ని 2బి వర్గంలో చేర్చింది. క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు, ఆధారం పరిమితం అని దాని అర్థం. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే 2బిలో ఉంది. ఆ పై మెట్టు 2ఎ, అన్నిటికంటే పైన ఉన్నది క్యాన్సర్ కలిగిస్తాయని తేలినవి ఉండే 1వ వర్గం. ఒకటో వర్గంలో ఏమున్నాయో చాలామందికి తెలియదు. పొగాకు, మద్యం, ఎండ, డీజిల్ పొగ, మన పెళ్ళి భోజనాల తర్వాత పళ్ళెంలో పెట్టి అందించే వక్క. అవును, వక్కే. పొగాకు కలపకపోయినా సరే వక్క నోటి క్యాన్సర్‌కి దారితీస్తుందని ఆ సంస్థ తేల్చి ఇరవై ఏళ్ళు దాటింది. టవర్ మీద సంతకాలు సేకరించే మీటింగులో వక్కపొడి పొట్లం చేతులు మారుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ వర్గాల విషయంలో పత్రికలూ టీవీలూ దాదాపు ప్రతిసారీ పొరబడుతూనే ఉన్నాయి. ఆ సంస్థ చూసేది ఒక వస్తువు క్యాన్సర్ కలిగించగలదా లేదా అన్నదానికి ఆధారం ఎంత గట్టిది అని. ఎంత మోతాదులో, ఎంతమందికి, ఎంత ప్రమాదం అన్నది వర్గం చెప్పదు. నాగుపాముకి విషం ఉందన్నది తిరుగులేని నిజం. బన్నేరుఘట్ట జూలో అద్దం అవతల ఉన్నదానికీ, వంటింటి గట్టు కింద ఉన్నదానికీ విషం ఒకటే, ప్రమాదం ఒకటి కాదు. ఎండ, పొగాకు రెండూ ఒకటో వర్గంలోనే ఉన్నాయి కాబట్టి రెండూ సమానమని ఎవరూ అనరు.

టవర్ తరంగాల సంగతి కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ సైన్స్ చెప్పేది మన ఊహకి చాలాచోట్ల అడ్డం తిరుగుతుంది. ఎక్స్‌రే, గామా కిరణాలకు కణంలోని డీఎన్ఏ బంధాల్ని తెంపే శక్తి ఉంది. సెల్ తరంగాలకు అది లేదు. వీటి ఒక్కో ఫోటాన్ శక్తి మనం రోజూ చూసే వెలుతురుతో పోలిస్తే లక్షో వంతు కూడా ఉండదు. ఇవి శరీరంలో చేయగలవని స్పష్టంగా రుజువైన పని వేడి పుట్టించడం. ప్రమాణాలు కట్టింది దాని ఆధారంగానే. 2012 సెప్టెంబర్ నుంచి మన ప్రభుత్వం టవర్ల నుంచి వెలువడే తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. యాంటెన్నా తన తరంగాల్ని ఎక్కువగా అడ్డంగా, ముందుకి పంపుతుంది. అందుకే టవర్ ఉన్న బిల్డింగ్‌లో పై అంతస్తువాళ్ళ మీద పడేది, వాళ్ళు భయపడేదాని కంటే చాలా తక్కువ. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుంది. ఇక చెవికి ఆనించుకున్న ఫోనే అన్నిటికంటే దగ్గరి యాంటెన్నా. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఆ ఫోను గట్టిగా అరిచినట్టు తన శక్తి పెంచుకుంటుంది. పోట్లాడి టవర్‌ని దూరంగా పంపించిన కాలనీలో తలకి తగిలే తరంగాలు తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ.

మనుషుల మీద చేసిన అధ్యయనాలేమంటున్నాయి? సెల్‌ఫోన్లకీ మెదడు కణితులకీ సంబంధం ఉందా అని 13 దేశాల్లో జరిపిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో ఒక అంకె ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది: అందరికంటే ఎక్కువసేపు ఫోన్ వాడామని చెప్పిన పదో వంతు మందిలో గ్లయోమా అనే మెదడు కణితి 40 శాతం ఎక్కువగా కనపడింది. అది అబద్ధం కాదు. అయితే అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మొత్తంగా ఫోన్ క్రమం తప్పకుండా వాడేవాళ్ళలో అదే కణితి, వాడనివాళ్ళ కంటే 19 శాతం తక్కువగా కనపడింది. ఫోన్ మెదడుని కాపాడుతుందా? కాదు కదా. రెండో అంకెని నమ్మలేనప్పుడు మొదటిదాన్ని మాత్రం నమ్మడం న్యాయం కాదు. రెండింటి వెనకా ఉన్నది చాలావరకు ఒకే బలహీనత: సమాచారం సేకరించిన తీరు. అధ్యయనానికి ఒప్పుకున్న ఆరోగ్యవంతుల్లో ఫోన్ వాడేవాళ్ళే ఎక్కువ. ఇక పదేళ్ళ కిందట రోజుకి ఎన్ని గంటలు మాట్లాడారని అడిగితే, మెదడులో కణితి ఉన్న మనిషి ఆ జ్ఞాపకాన్ని తవ్వుకునే తీరు వేరు, మామూలు మనిషి తీరు వేరు. తనకే ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వాళ్ళని వదలదు.

ఇలాంటప్పుడు బయటి నుంచి ఒక సరిచూపు కావాలి. 1990ల తర్వాత సెల్‌ఫోన్ వాడకం ప్రపంచమంతా ఆకాశాన్నంటింది. మెదడు కణితులు దానితోపాటు పెరిగాయా? దశాబ్దాలుగా పక్కాగా లెక్కలు రాసుకునే స్కాండినేవియా దేశాల్లో ఆ మేరకు పెరుగుదల కనపడలేదు. 2024లో డబ్ల్యూహెచ్‌ఓ కోరిక మీద జరిగిన సమీక్ష ఒకటి, మూడు దశాబ్దాల అధ్యయనాలు 63 జల్లెడ పట్టి, ఫోన్లకూ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదని తేల్చింది. రేపు కొత్త ఆధారం వస్తే మాట మార్చుకోవచ్చు. ఇవాళ ఉన్న ఆధారంతో టవర్ మీద ఇంత భయం పెట్టుకోనక్కర్లేదు.

అలాగని టవర్ మీద వచ్చే ప్రతి అభ్యంతరమూ కొట్టిపారేయాల్సింది కాదు. పాత బిల్డింగ్ ఆ బరువు మోస్తుందా, అనుమతులున్నాయా, దానికి పెట్టిన డీజిల్ జనరేటర్ పొగ ఎవరి కిటికీలోకి వెళ్తోంది, ఇవన్నీ అడగాల్సినవే. తరంగాల తీవ్రత మీద అనుమానం తీరకపోతే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఆ టవర్ వివరాలు చూడొచ్చు, రుసుము కట్టి కొలిపించుకోవచ్చు.

డీజిల్ పొగని ఒకటో వర్గంలో చేర్చింది 2012లో. టవర్ మీద గంటన్నర మీటింగ్ పెట్టే కాంప్లెక్స్‌లోనే కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ మోగుతుంది. దాని పొగ గొట్టం మొదటి అంతస్తు బాల్కనీల ఎత్తులో తెరుచుకుని ఉంటుంది, పక్కనే పిల్లలు సైకిల్ తొక్కుతుంటారు. రాత్రయితే బెడ్‌రూమ్ తలుపులు మూసి దోమల కాయిల్ వెలిగిస్తారు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వచ్చిన ఒక అధ్యయనం కొలిచి చెప్పింది. పీఎమ్ 2.5 అనే ఈ ధూళికి మన జాతీయ ప్రమాణం ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది 5. బెంగళూరు గాలి ఢిల్లీ కంటే నయమని మనం సంతోషపడుతుంటాం. ఆ పోలిక మన ఊపిరితిత్తులకి పనికిరాదు. గుండెకీ ఊపిరితిత్తులకీ ఈ ధూళి చేసే కీడుకి ఉన్నంత ఆధారం పర్యావరణ ఆరోగ్యంలో చాలా కొద్ది విషయాలకే ఉంది. కానీ పొగ మనకి అలవాటైపోయింది. అలవాటైనదాని మీద మీటింగ్ పెట్టరు.

ఇంతవరకు చదివి "అయితే ఆధారం లేని భయాలన్నీ వదిలేయమంటారు, అంతేగా" అనుకుంటే, సీసం కథ కూడా వినాలి. ఎందుకంటే ఆధారం లేదన్న మాటనే ఆయుధంగా వాడి లక్షల మంది పిల్లల్ని దెబ్బతీసిన చరిత్ర అది.

1920ల నుంచి పెట్రోల్లో సీసం కలిపారు. దాని తరఫున అమెరికాలో రాబర్ట్ కీహో అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు వాదించిందేమిటంటే, హాని జరుగుతోందని రుజువు చూపించేవరకు వాడకం ఆపనక్కర్లేదని. రుజువు వెతకాల్సిన పరిశోధనలకు డబ్బిచ్చేది ఎక్కువగా సీసం పరిశ్రమే. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల వైద్యుడు మంచి ఉపాయం పట్టారు. రక్తంలో సీసం కొన్ని వారాల సంగతే చెబుతుంది, పంటిలో చేరింది ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకని ఆయన మసాచుసెట్స్ బడిపిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించారు. చూడడానికి ఏ జబ్బూ లేని ఆ పిల్లల్లోనే, పంటిలో సీసం ఎక్కువున్నవాళ్ళకి తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గాయి, తరగతిలో ఏకాగ్రత తగ్గింది. 1990ల మొదట్లో ఆయన మీద అక్రమాల ఆరోపణలు వచ్చాయి, విచారణలు జరిగాయి, చివరికి ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. అమెరికాలో పిల్లల రక్తంలో ఎంత సీసం దాటితే పట్టించుకోవాలన్న గీత 1960లలో డెసిలీటర్‌కి 60 మైక్రోగ్రాములు. అది 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దిగింది. పరిశోధన లోతుకి వెళ్ళినకొద్దీ భద్రమైన మోతాదు చిన్నదవుతూ వచ్చింది. సెల్‌ఫోన్ల విషయంలో జరిగింది దీనికి ఎదురు: అధ్యయనాలు పెద్దవీ పక్కావీ అయినకొద్దీ ముప్పు సన్నబడింది. ఒక భయం నిజమా కాదా తేల్చుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు ఇదే.

సీసం కథలో బెంగళూరుకి పెద్ద పాత్ర ఉంది. సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్, జార్జ్ ఫౌండేషన్‌తో కలిసి మన నగరాల్లో వేల మంది రక్తం పరీక్షించారు. ఫలితాలు 1999లో బయటికొచ్చాయి: పరీక్షించిన పన్నెండేళ్ళలోపు పిల్లల్లో సగానికి పైగా 10 మైక్రోగ్రాములు దాటి ఉన్నారు. పరీక్ష జరిగిన ఊళ్ళలో హైదరాబాద్, చెన్నై కూడా ఉన్నాయి. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది. ఆ తర్వాత పిల్లల రక్తంలో సీసం తగ్గింది. కారణాన్ని తీసేస్తే ఫలితం తగ్గడం కంటే గట్టి సాక్ష్యం ఇంకోటుండదు. సీసం శరీరంలో కాల్షియం వేషం వేసుకుని నరాల్లోకి, ఎముకల్లోకి దూరుతుంది కాబట్టి ఎలా జరుగుతుందన్నది కూడా తెలుసు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో చూసినా అదే ఫలితం. మోతాదు పెరిగితే హాని పెరిగింది. ఇవన్నీ కలిసి ఒకే వైపు చూపించినప్పుడు నమ్మాలి. ఏ ఒక్కటో చూసి కాదు.

అసలు భయం ఉన్నచోటే దొంగ భయాన్ని అమ్మేవాళ్ళూ ఉంటారు. నీళ్ళ ఫిల్టర్ డెమో చూడనివాళ్ళు బెంగళూరులో తక్కువ. కుర్రాడు టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెడతాడు, ఒకదాంట్లో మన కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో తన మెషీన్ నీళ్ళు. రెండిట్లోనూ లోహపు కడ్డీలున్న చిన్న పరికరం ముంచి స్విచ్ వేస్తాడు. అర నిమిషంలో మన గ్లాసు పసుపై, తుప్పురంగుకి తిరిగి, పైన మడ్డి నురగ కడుతుంది. రెండోది దాదాపు అలాగే ఉంటుంది. "చూశారా మేడమ్, మీ పిల్లలు తాగేది ఇదే" అంటాడు. ఆ మడ్డి చూసిన తల్లి ఎవరైనా చెక్కు రాసేస్తుంది. ఆ మడ్డి మాత్రం నీళ్ళలోంచి రాలేదు, ఎక్కువభాగం ఆ ఇనుప కడ్డీలోంచే వచ్చింది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరిగి తుప్పు పుడుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు తీసేశారు కాబట్టి కరెంటు సరిగా పారదు. ఆ ఆర్‌ఓ నీళ్ళలోనే చిటికెడు ఉప్పు వేసి స్విచ్ వేయమని అడగండి, అదీ రంగు మారుతుంది.

టీడీఎస్ మీటర్ సంగతీ అంతే. అది కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందన్నది. దాన్నిబట్టి కరిగిన లవణాల అంచనా చెబుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణంలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా అనుమతి. మీటర్ 300 చూపించినా నీళ్ళలో మురుగు కలిసి ఉండొచ్చు, 700 చూపించినా కేవలం ఉప్పదనమే కావొచ్చు. బ్యాక్టీరియా దానికి తెలియదు, సీసం ప్రమాదకరమైన కొద్దిపాటి మోతాదులో ఉంటే పట్టుకోలేదు. బోరు, ట్యాంకర్ నీళ్ళు తాగే కాంప్లెక్సులు నిజంగా చూసుకోవాల్సినవి కోలిఫామ్ బ్యాక్టీరియా, నైట్రేట్, ఫ్లోరైడ్. నైట్రేట్ పరిమితి లీటరుకి 45 మిల్లీగ్రాములు. మురుగు భూమిలోకి ఇంకేచోట అది పెరుగుతుంది, కాచినా పోదు, పాలడబ్బా పట్టే పసిపిల్లలకి ప్రమాదం. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్లగొండ వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వీటికి ల్యాబ్ పరీక్షే దారి. పరీక్షలో నైట్రేట్, ఫ్లోరైడ్ ఎక్కువ వస్తే ఆర్‌ఓ కొనాల్సిందే, అప్పుడది డబ్బు దండగ కాదు.

ల్యాబ్ అంటే ఏ ల్యాబ్ అన్నది కూడా ముఖ్యం. 2015లో మ్యాగీ నూడుల్స్‌లో 17.2 పీపీఎమ్ (పది లక్షల్లో 17.2 వంతులు) సీసం ఉందని ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన నివేదికతో దేశమంతా గగ్గోలైంది. అప్పటి పరిమితి 2.5. జూన్‌లో నిషేధం వచ్చింది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని పక్కన పెట్టి, గుర్తింపు ఉన్న మూడు ల్యాబుల్లో మళ్ళీ పరీక్షించమంది. వాటిలో ఒకటి హైదరాబాద్‌లోది. మూడుచోట్లా సీసం పరిమితిలోనే తేలింది. కాబట్టి ఎవరైనా రిపోర్టు ఫోటో పంపిస్తే ల్యాబ్‌కి ఆ పరీక్షకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, శాంపిల్ ఎవరు తీశారు, అంకె పక్కన పరిమితి రాసి ఉందా అని చూడండి. 'దొరికింది' అన్న ఒక్క మాటకి విలువ లేదు. ఇవాళ్టి యంత్రాలు వందకోట్లలో ఒక వంతు ఉన్నా పట్టేస్తాయి. ఎంత దొరికిందన్నదే ప్రశ్న.

అన్నిటికంటే కష్టమైనవి హాని కళ్ళెదుట కనపడుతూ కారణం తేలని సందర్భాలు. 2020 డిసెంబర్‌లో ఏలూరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని ఎయిమ్స్ అంది, తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్ళింది. రక్తంలో సీసం దొరికిందనగానే సీసమే కారణమని చాలామంది నిర్ణయానికి వచ్చేశారు. కానీ జబ్బు పడనివాళ్ళ రక్తంతో పోల్చకుండా ఆ మాట చెప్పలేం. మన ఊళ్ళలో చాలామంది రక్తంలో సీసం ఎలాగూ ఉంటుంది. పైగా ఒక్కసారిగా పడిపోయి, ఒకటి రెండు రోజుల్లో లేచి ఇంటికెళ్ళడం సీసం తీరు కాదు.

శ్రీకాకుళం ఉద్దానంలో దశాబ్దాలుగా వేల కుటుంబాల్ని కిడ్నీ జబ్బు తినేస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్ళకీ వస్తోంది. నీళ్ళలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని చేస్తూ నీళ్ళు తాగకపోవడం, వంశపారంపర్యం, అన్నీ చర్చకొచ్చాయి, ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడ ఎవరైనా "ముందు రుజువు తేలనీ" అని కూర్చుంటే అది కీహో మాటే అవుతుంది. కారణం తేలకముందే హిరమండలం రిజర్వాయర్ నీళ్ళు పైపుల్లో తెచ్చారు, 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. అది సరైన పని. మంచినీళ్ళివ్వడం వల్ల అనుమానం తప్పని తేలినా నష్టపోయేది ఎవరూ ఉండరు. టవర్ పీకేయడం అలాంటిది కాదు. అనుమానం తప్పయితే ప్రమాదంలో ఉన్నవాడు అంబులెన్స్‌కి ఫోన్ చేసినప్పుడు సిగ్నల్ ఉండదు. జాగ్రత్త అన్న మాట రెండుచోట్లా ఒకటే అయినా, తప్పయితే పడే మూల్యం వేరు.

ఈసారి మీ కమిటీ మీటింగ్‌లో టవర్ అజెండా మీదికి వస్తే, దానితోపాటు ఇంకో రెండు అంశాలు రాయించండి. ఒకటి, బోరు, ట్యాంకర్ నీళ్ళకి వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష, ఫలితం నోటీసు బోర్డు మీద. రెండోది జనరేటర్ పొగ గొట్టం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం జనరేటర్ సామర్థ్యం (కేవీఏలలో) వర్గమూలాన్ని 0.2తో హెచ్చించి, అన్ని మీటర్లు బిల్డింగ్ ఎత్తు కంటే పైకి గొట్టం ఉండాలి. వంద కేవీఏ జనరేటర్‌కి వర్గమూలం పది, అంటే మేడ పైన ఇంకో రెండు మీటర్లు. మీ గొట్టం ఏ అంతస్తు దగ్గర ఆగిందో కిందికి దిగి ఒకసారి చూసి రండి.